మిగిలిన ఆరు మాత్రలు

తన మందుల దుకాణానికి సీలు పడిన మర్నాడు పొద్దున్నే హబీబుల్లా డిటెక్టివ్ ఖలందర్ గదికి వచ్చాడు. ఆదోని పత్తి యార్డు ఎదుట మేడమీది గది అది. సంవత్సరం 1980.

"నేనమ్మిన మందు దొంగదంట సాబ్. లైసెన్సు తీసేస్తారంట. పదిహేనేండ్ల అంగడి."

ఖలందర్ అసిస్టెంటు లక్ష్మప్ప పూర్వం పత్తి దలాలీ చేసినవాడు. ఏ గొడవలోనైనా లాభం ఎవరిదని ముందు లెక్క వేస్తాడు. ఆరు నెలలుగా సర్కారు డాక్టరు చీటీలో కంపెనీ పేరు మానేసి మందు పేరే రాస్తున్నాడు. చలిజ్వరం మాత్రలు పది, కంపెనీ అట్టలో అయితే ఆరు రూపాయలు. అవే హబీబుల్లా డబ్బాలోంచి ఎంచి ఇస్తే రెండు. దాంతో ఎదురు దుకాణం గోవిందన్న అమ్మకం సగానికి పడింది.

"ఆయప్ప పనే సాబ్" అన్నాడు లక్ష్మప్ప.

"లాభముంటే నేరం చేసినట్టేనా? అట్లయితే యార్డులో అందరినీ పట్టుకోవాల."

ఇద్దరూ బస్సెక్కి ఎమ్మిగనూరు పోయారు. హబీబుల్లా దగ్గర ఆ మందు కొన్న హులిగెమ్మ అక్కడ పత్తి ఏరే కూలీ. దుప్పటి కప్పుకొని వణుకుతోంది.

"పది మాత్రలిచ్చినాడప్పా. నాలుగు మింగుతానే జరం ఇడిసింది. మిగిలిన ఆరూ మా ఆయనకు అక్కరకొస్తాయని దాసిపెడితి. వారానికే మళ్లీ వచ్చె. అగ్గువ మందు పని సెయ్యలేదేమోనని గోవిందన్న అంగడికి పోతి. ఆరు రూపాయలన్నాడు. యాడ తెచ్చేది? మర్నాడు ఆయప్పే ఈడికొచ్చి, ఆఫీసరుకు సూపిస్తానని ఆ ఆరూ తీసకపోయినాడు."

"ఆ నాలుగూ ఎట్ల మింగినావమ్మా?"

"నీళ్లతో మింగితే కక్కొచ్చె. యాపాకు కన్నా సేదు. బెల్లం ముక్కలో పెట్టుకొని మింగితి."

ఖలందర్ అంతటితో లేచి తిరుగు బస్సుకు బయలుదేరాడు. బెల్లం సంగతి ఈయనకెందుకో లక్ష్మప్పకు దారంతా అంతుబట్టలేదు.

మర్నాడు సీలు వేసిన దుకాణం ముందు హులిగెమ్మతో సహా అందరూ చేరారు. ఖలందర్ చెప్పగా, మందుల ఇన్‌స్పెక్టరు గోవిందన్న తెచ్చిచ్చిన పొట్లంలోని మాత్ర ఒకటి విరిచి నాలుకకు తాకించాడు.

"సుద్ద. చేదే లేదు. అందుకే సీలు వేశాను."

"అవి దొంగవే సార్. అయితే హులిగెమ్మ మింగినవి బెల్లం లేకపోతే గొంతు దిగలేదు. ఒకే పొట్లంలో నాలుగు చేదువీ ఆరు చప్పటివీ ఎట్ల ఉంటాయి?"

"డబ్బాలోనే దొంగవి కలిపినాడేమో" అన్నాడు గోవిందన్న.

"తీసి చూద్దాం."

ఇన్‌స్పెక్టరు సీలు తీయించాడు. పత్తి బస్తాలోంచి మచ్చు లాగినట్టు లక్ష్మప్ప డబ్బా పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి మాత్రలు తీశాడు. రుచి చూసినవాళ్లందరి మొహాలూ చేదుకు ముడుచుకుపోయాయి.

"హులిగెమ్మ ఇంటినుంచి ఆఫీసుకు చేరేలోపల మాత్రలు మారినాయి" అన్నాడు ఖలందర్. "నడుమ ఉండింది ఒక్క చెయ్యే. జరం తిరగబెట్టింది మందు దొంగదై కాదు, సగంలో ఆపినందుకు."

గోవిందన్న ఎదురుగా ఉన్న తన దుకాణం వైపు చెయ్యి చూపాడు. "అట్టలన్నీ అట్లే పడుండాయి సాబ్. కంపెనీవాళ్లు వాపసు తీసుకోరు."

ఇన్‌స్పెక్టరు అతన్ని వెంటబెట్టుకుపోయాడు. లక్ష్మప్ప లెక్క సరిచూసుకున్నాడు. పేరు తనూ మొదటి నిమిషంలోనే చెప్పాడు. కానీ ఆ ఊహతో సీలు ఊడేది కాదు. ఊడదీసింది ఒక్క బెల్లం ముక్క. దాని విలువ కట్టగలిగింది ఖలందర్ ఒక్కడే.

హబీబుల్లా పది మాత్రలు ఎంచి హులిగెమ్మ చేతిలో పెట్టాడు. "దుడ్లొద్దమ్మా. అన్నీ మింగాల. ఒక్కటి గూడా దాచొద్దు."

"మింగుతాలే అన్నా" అంది హులిగెమ్మ. "బెల్లం రేటే మండిపోతాంది. అది అగ్గువకిచ్చే అంగడి యాడుందో సెప్పు."