ఇరవై అడుగులు

ధడ్!

బస్సు వెనక బంపర్ మీద దెబ్బ. స్టీరింగ్ చేతుల్లోంచి జారబోతుంది. డ్రైవర్ గట్టిగా పట్టుకుంటాడు.

"ఎవడ్రా నువ్వు!"

అద్దంలోకి చూస్తాడు. కారు. హెడ్‌లైట్లు ఆర్పేసి వస్తోంది. చీకట్లో తెల్లటి బానెట్ ఒక్కటే మసగ్గా కనిపిస్తోంది.

ఉదయం ఐదున్నర. ఇంకా తెల్లారలేదు. మొదటి పిల్లాడు ఎక్కడానికి గంట టైముంది. బస్సులో నలభై సీట్లు... నలభయ్యీ ఖాళీ.

ధడ్!

మళ్ళీ!

యాక్సిలరేటర్ నేలకి అదిమేస్తాడు. ఏం లాభం? స్కూల్ బస్సు. ఎంత తొక్కినా అరవై దాటదు. స్పీడ్ లాక్! పిల్లల క్షేమం కోసమట. డ్రైవర్ క్షేమం ఎవడికి పట్టింది!

పోలీస్ స్టేషన్ ఇంకా నాలుగు కిలోమీటర్లు.

అక్కడిదాకా చేరితే చాలు. అతని సీటు కింద ఇనప పెట్టె ఉంది. అందులో మూడు వారాల కిందటి రికార్డింగ్ ఉంది. పెట్టె విప్పితే సీలు పోతుంది, సాక్ష్యం చెల్లదు. అందుకే ఏకంగా బస్సునే తోలుకుపోతున్నాడు.

మూడు వారాల కిందట... వాన.

అతను బస్సు ఆపి లివర్ లాగాడు. పక్కనుంచి ఎర్ర స్టాప్ బోర్డు బయటికొచ్చింది. అది తెరుచుకుంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే. ఆగకపోతే బస్సు కెమెరా నంబర్‌తో సహా పట్టేసి కంట్రోల్ రూమ్‌కి పంపేస్తుంది. ఆయా ఇద్దరు పిల్లల్ని రోడ్డు దాటించింది. తిరిగొస్తోంది...

తెల్ల కారు ఒకటి ఆగలేదు.

అంతే. ఆయా మళ్ళీ లేవలేదు.

తీరా చూస్తే కంట్రోల్ రూమ్‌లో క్లిప్ లేదు! క్లిప్ లేదంటే బోర్డు తెరవలేదన్నమాట. బోర్డు తెరవలేదంటే తప్పు డ్రైవర్‌ది. ఇవాళ పదింటికి విచారణ. తేడా వస్తే జైలే. డిపోలో ఒక్కడు పలకరించడు. అతను టీ గ్లాసు పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే, పక్కనున్నవాడికి అర్జంటుగా ఏదో పని గుర్తొస్తుంది.

ఆయా ఉన్నన్నాళ్ళూ బస్సు బాడీ మీద రెండుసార్లు తట్టి "పోనీ అన్నా!" అనేది. ఇప్పటికీ ఆ చప్పుడు వినపడేదాకా అతని కాలు బ్రేక్ మీంచి లేవదు. వినపడదు. అప్పుడు గుర్తొస్తుంది. ప్రతి స్టాప్‌లోనూ ఇదే వరస.

నిన్న సాయంత్రం మెకానిక్ చెప్పాడు, ఈ పెట్టెలో నెల రోజుల కాపీ ఉంటుందని. ఆ సంతోషం పట్టలేక అతను ఒక్కడికే ఫోన్ చేశాడు. బావమరిదికి. ఇంకెవరున్నారు గనక? భార్య పోయి ఆరేళ్ళు. ఆమె తమ్ముడొక్కడే మిగిలాడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని బస్సు కెమెరాల క్లిప్పులు చూసి జరిమానాలు వేసే ఉద్యోగం వాడిది. ఆదివారం అన్నానికొస్తే అదే సోది.

"ఇరవై అడుగులు బావా! బోర్డు పడగానే బస్సుకి ఇరవై అడుగుల వెనక ఆగాలి. ఒక్కడూ ఆగి చావడు. నేను ఆగానంటే టేపు పెట్టి కొలుచుకోవచ్చు!"

మరి ఈ కారువాడికి ఎలా తెలిసింది? ఆ మెకానిక్ వెధవ ఎవడికైనా వాగాడా?

కీచ్...!

కారు పక్కకొచ్చింది. బస్సుని కాలవ వైపు నెడుతోంది. చక్రం మట్టిలోకి దిగింది!

"చస్తే చస్తాను... నీ నంబర్ మాత్రం వదల్నురా!"

బోర్డు తెరవాలంటే బస్సు ఆగాలి. ఆగితే దొరికిపోతాడు.

బ్రేక్ తొక్కేస్తాడు!

ఆ ఊపుకి కారు వెనకపడుతుంది. బస్సు ఊగి ఆగుతుంది. లివర్ లాగుతాడు. ఎర్ర బోర్డు బయటికొస్తుంది. లైట్లు... ఎరుపు... చీకటి... ఎరుపు.

వాడు గుద్దుతాడు. లేదా దాటుకుపోతాడు. అతను కళ్ళు మూసుకుంటాడు.

ఏమీ లేదు.

కళ్ళు తెరుస్తాడు. అద్దంలో... కారు ఆగి ఉంది!

పిల్లల్లేరు. రోడ్డు మీద పురుగు లేదు. చంపడానికొచ్చినవాడు బోర్డు చూసి ఆగాడు!

దూరం కళ్ళతోనే కొలుస్తాడు. ఇరవై అడుగులు. అంగుళం అటూ ఇటూ లేదు.



"నువ్వట్రా...?"

కారు తలుపు తెరుచుకుంటుంది. బావమరిది దిగుతాడు. చేతిలో జాకీ రాడ్.

"తలుపు తియ్యి బావా."

తీస్తాడు. ఆరేళ్ళుగా ఆ గొంతుకి తలుపు తీయడమే అలవాటు.

"ఆ రోజు ఫోన్ చూసుకుంటూ ఆగలేదు బావా. ఆవిణ్ణి గుద్దింది నేనే. ఆ రోజు నుంచి ఈ బోర్డు చూస్తే కాలు దానంతటదే బ్రేక్ మీదకి పోతోంది... ఇప్పుడు కూడా!" బావమరిది ఏడుస్తున్నాడు. "డ్యూటీ ఎక్కగానే నా స్క్రీన్ మీద మొదటి క్లిప్ అదే. నా కారు. నా నంబర్. చెరిపేశా."

స్టీరింగ్ పక్కన ఎర్ర చుక్క వెలుగుతోంది. బోర్డు తెరిచి ఉన్నంతసేపూ బొమ్మా మాటా రెండూ కంట్రోల్ రూమ్‌కి పోతూనే ఉంటాయి. నాలుగేళ్ళు ఆ గదిలో కూర్చుని చూశాడే గానీ, బస్సులో ఆ చుక్క ఎక్కడ వెలుగుతుందో వాడికి తెలీదు. పైగా ఇవాళ వాడి కుర్చీలో వేరే మేడమ్ ఉంది.

డ్రైవర్ చెయ్యి లివర్ మీదకి వెళ్తుంది. ఒక్క తోపు తోస్తే చాలు... బోర్డు మూసుకుంటుంది, ఎర్ర చుక్క ఆరిపోతుంది. వీడు కూడా పోతే ఆదివారం తన ఇంట్లో రెండో కంచం ఉండదు.

ధన్! ధన్! ధన్!

రాడ్డు దెబ్బలకి సీటు కింద పెట్టె నుజ్జయిపోతుంది.

"అయిపోయింది!" బావమరిది చెమట తుడుచుకుంటాడు. "నీకు జైలు పడినా రెండేళ్ళే బావా. ప్రతి ఆదివారం వస్తా. అన్నం పట్టుకొస్తా."

మనస్ఫూర్తిగానే అంటున్నాడు! అదే భరించలేకపోతాడు డ్రైవర్. ఆయా ఊసే లేదు. ఆమె పేరు కూడా అడగలేదు వీడు.

లివర్ మీంచి చెయ్యి తీసేస్తాడు.

రేడియో గరగరలాడుతుంది.

"బస్సు పదిహేడూ... నాకంతా వినపడుతోంది. కారు నంబర్ కూడా క్లియర్‌గా ఉంది. కానీ... ఇది మనవాడి కారు కదా? నువ్వు చెప్పు, అవునా?"

బావమరిది చేతిలోంచి రాడ్డు జారి పడుతుంది. అప్పుడు చూశాడు ఎర్ర చుక్కని.

"బావా... కాదను! బావా!"

డ్రైవర్ బటన్ నొక్కుతాడు.

"అవును మేడమ్. మా బావమరిదే. పోలీసుల్ని పంపండి."

బటన్ వదిలి, వాడి వైపు తిరుగుతాడు. 

"ఆదివారం నేనొస్తాలేరా. అన్నం నేను పట్టుకొస్తా."