ఆరని నీలం

"నా కొడుకును ఉరి తీసేస్తారా సార్?" గడప దాటకముందే అడిగింది సుగంధి. కూర్చోమన్నా కూర్చోలేదు.

డిటెక్టివ్ చెంగల్రాయన్ సైగ చేస్తే అసిస్టెంట్ నందిత మంచినీళ్లు తెచ్చింది.

"మా అత్త రోజూ సాయంత్రం కురుచికుప్పం సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటాది. బండి మీద దింపేది మా భువనేశే. ఆదివారం వాడు టీ తాగొచ్చేసరికి అవ్వ లేదు. తల పగిలి నీళ్లలో తేలింది. పోలీసోళ్లు వాణ్ణే పట్టుకుపోయినారు."

"అప్పుడు మీ ఆయన యాడుండాడు?" అడిగాడు చెంగల్రాయన్.

"లాస్‌పేటలో, ఇంట్లోనే. మ్యూజియం చందాకని ఆన్‌లైన్‌లో బొమ్మలేయడం నేర్పిస్తా ఉండారే, ఆ క్లాసులో. అందరూ చూసినారు. పాపం, స్టేషన్‌కు అన్నం మోసేది ఆయనే."

క్లాసు చెప్పిన మీనా ఇంట్లో వీడియో చూశారు. అందరి మైకులూ మీనాయే ఆపేసింది. సుగంధి భర్త రాఘవన్ వెనక వాళ్ల హాలు, నీలం కర్టెన్. నుదుటి మీద ఎగిరిపడుతున్న జుట్టును అతను మాటిమాటికీ తోసుకుంటున్నాడు. "సముద్రం ఆరనీయండి, కాసేపు లేచి రండి. తర్వాత పడవ," అంది మీనా. చివర్లో అతని బొమ్మ చూసి, "రాఘవన్ సార్, మీ పడవ మునిగిపోయిందే!" అంది. అతనూ నవ్వాడు.

చందా కోసం అమ్మడానికి అందరూ మీనాకు పంపిన బొమ్మలన్నీ అప్పడాల్లా ఎండి ఉన్నాయి. రాఘవన్‌ది మాత్రం వేలికి జిగురుగా తగిలింది. చెంగల్రాయన్ ఆ వేలు నాలుకకు ఆనించాడు.

"సార్, రంగు!" నందిత హడలిపోయింది.

మర్నాడు అందరినీ అక్కడికే పిలిపించాడు. ఇన్‌స్పెక్టర్ భువనేశ్‌ను తీసుకొచ్చాడు.

"జుట్టు ఎగిరే గాలికి వెనక కర్టెన్ కదలదా రాఘవన్? అది కర్టెన్ కాదు, ఫోన్‌లో పెట్టుకున్న ఫొటో. కాగితం, రంగులు, ఫోను అన్నీ పట్టుకుని రాళ్ల చాటుకు పోయినావు. మంచినీళ్లు మరిచినావు. బ్రష్ సముద్రంలో ముంచినావు. ఉప్పు పట్టిన కాగితం ఈ తడిగాలికి ఆరుతుందా? అందుకే పడవ కరిగిపోయింది. అందరూ లేచిన ఆ కాసేపట్లో ఇల్లు అమ్మనీయని తల్లిని తోసేసి, వచ్చి పడవ వేసినావు. గీత ఎక్కడా వణకలేదు."

నందిత చెంగల్రాయన్ వంక కళ్లార్పకుండా చూసింది.

రాఘవన్ చొక్కా గుండీ సర్దుకున్నాడు.

సుగంధి కొడుకు గురించి భయపడనిది లేదు: బండి, సముద్రం, సావాసాలు, కుక్కకాటు. భయపడ్డప్పుడల్లా "ఊరుకో, వాడికేం కాదు" అన్నది ఈ మనిషే. ఆమె కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇంటికి పోదాం రా నాయనా. అయిపోయింది."

భువనేశ్ కదల్లేదు.

"అన్నం కలిపి ముద్దలు పెట్టినాడమ్మా నాన్న. పెడతా పెడతానే చెప్పినాడు, నేనే తోసినానని ఒప్పుకోమని. చిన్నోణ్ణని తొందరగా వదిలేస్తారంట." తండ్రిని పోలీసులు తీసుకుపోతున్న తలుపు వైపు చూశాడు. "రాత్రి ఒప్పేసుకున్నానమ్మా."