దుర్భిణికి వినబడని మాట

"వెయ్యి కోట్ల ఏళ్ళ నుంచి రెండు వేల కోట్ల దాకానా? అంత తేడాతో నాను ఓడ రాక రాస్తే నా ఉద్యోగం ఉంటాదేటండి?"

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఓ ఆదివారం, లైబ్రరీలో విశ్వం వయసు గురించి చెబుతున్న గౌరీశ్వరిని త్రినాథరావు అడిగిన మొదటి ప్రశ్న ఇది. జనం గొల్లున నవ్వారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే గౌరీశ్వరికి చెవులు ఎర్రబడ్డాయి. కొలిచేవాళ్ళకే ఇంకా తేలలేదని, తెలీనిది తెలీదనడం తప్పు కాదని అంది. ఆ మాటకు అతను పడిపోయాడు.

త్రినాథరావు పోర్టులో సిగ్నల్‌మన్. కొండ మీది గదిలోంచి దుర్భిణితో చూసి, ఓడ కనబడిన నిమిషాన్ని పుస్తకంలో ఎక్కించడం అతని పని. ఇక ప్రతి ఆదివారం ముందు బెంచీలో కూర్చుని పేచీకి దిగేవాడు. విశ్వానికి అంచెక్కడని అడిగితే, మనకు తెలిసింది కనబడే మేరేనని, ఆ అవతలి వెలుగు ఇంకా మన దాకా రాలేదని, మొత్తం బల్లపరుపో వంపో ఎవరికీ తేలలేదని ఆమె ఓపిగ్గా చెప్పేది. తర్వాత ఇద్దరూ బస్టాపు దాకా నడిచేవారు. గౌరీశ్వరి కావాలనే రెండు బస్సులు వదిలేసేది. ప్రేమ సంగతి మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఒక ఉదయం ఓడ కోసం దుర్భిణి తిప్పుతుంటే బీచి రోడ్డులో గౌరీశ్వరి కనబడింది, పక్కన టై కట్టిన కుర్రాడు. ఆమెకు సబ్బవరం నుంచి పెళ్ళి సంబంధం వచ్చిందని త్రినాథరావు అప్పటికే విన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె దణ్ణం పెట్టింది. త్రినాథరావు దుర్భిణి దించేశాడు. చూసింది చూసినట్టు ఎక్కించే అలవాటు కదా, పెళ్ళి కుదిరిందని మనసులో ఎక్కించేశాడు. మూడు ఆదివారాలు లైబ్రరీ మొహం చూడలేదు.

మూడో ఆదివారం మర్నాడు ఆమే రొప్పుతూ కొండ మెట్లెక్కి వచ్చింది. ఎందుకు రావడం లేదని నిలదీస్తే, అతను నసిగి నసిగి చూసింది చెప్పాడు.

"దుర్భిణిలో కనబడతాది. వినబడతాదేటి?"

అని దులిపేసింది ఆమె.

"నా మనసులో వేరే మనిషున్నాడు, ఏమనుకోవద్దని సెప్పి దణ్ణమెట్టాను. ఆయన మంచోడు, నవ్వేసి ఎల్లిపోయాడు." ఆమె కొంగుతో చెమట తుడుచుకుంది. "మీరే మూడు వారాలు ఏడిపించారు."

"మీకు నాను తగనేమో అనుకున్నానండి. మీరంటే నాకు ప్రాణం."

"ఆ మాట మా నాన్నకి సెప్పండి. మోకాళ్ళ నొప్పితో ఎక్కలేక కింద కూకున్నారు."

త్రినాథరావు డ్యూటీ తోటివాడికి అప్పగించి మెట్లు రెండేసి చొప్పున దిగాడు. గొడుగు కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న ఆమె నాన్న శ్రీరామ్మూర్తి గారు అతన్ని ఎగాదిగా చూశారు. అతను నోరు తెరిచేలోపే లేచి నిలబడ్డారు.

"ఇంత సేపేటి బాబూ? పంతులు గారు ఇంట్లో ఉండే ఏళ దాటిపోతంది. ముహూర్తం అడగాలి, నడు."