వినడానికి ఒక బొమ్మ

"ఇది వినడం కాదండీ. చెవుల డాక్టరు బోర్డు."

డిజైనరమ్మాయి చేతిలోని కాగితం వంక చూసుకుంది. రెండు రోజులు కూర్చుని గీసిన చెవి అది. వచ్చినతను కుర్చీలో సరిగ్గా సర్దుకోకముందే తేల్చిపారేశాడు.

అతనిదొక ఫోన్ కేంద్రం. వాళ్ళమ్మ పెట్టింది. ఎవరితోనూ చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్ళు అక్కడికి ఫోన్ చేస్తారు. సలహాలివ్వకుండా, తప్పులెంచకుండా ఇటువైపు ఒకరు వింటారు. దానికి లోగో కావాలి.

"వినడమంటే చెవి కాక ఇంకేం గీయమంటారు?"

"అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తానండీ?" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆమె ఆఫీసులో పెద్దాయనకి 'మార్జిన్ గారు' అని పేరు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు అంచులు కొలుస్తాడు. ఆయన ఆమె గోడు విని, "కంటికి కనపడనిదానికి ఒక్క దెబ్బకి రూపం రాదమ్మాయ్. గీయి, చూడు, ఒక్కటే మార్చు, మళ్ళీ గీయి. ఏదీ పారెయ్యకు, గోడకంటించు" అన్నాడు.

ఫోన్ గీసింది. "సెల్ షాపులా ఉంది." రెండు చేతులు గీసింది. "ఇన్సూరెన్స్ వాళ్ళది." మబ్బు గీసింది. అతను కాసేపు చూసి, "దిండు కదూ?" అన్నాడు. ప్రతిసారీ చివర ఒక "ఊహూఁ". నాలుగో వారానికల్లా ఆఫీసంతటికీ అతను ఊహూఁ గారైపోయాడు.

తొమ్మిదో బొమ్మ దగ్గర ఆమె ఓపిక చచ్చిపోయింది. "అసలు మీరక్కడ చేసేదేంటో చెప్పండి. అదే గీస్తా."

అతను ఆలోచించాడు. "నిన్న ఒకావిడ ఫోన్ చేసి పదకొండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి 'థాంక్స్ బాబూ, ఇక వంట చేసుకుంటా' అని పెట్టేసింది."

ఆమె చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తను చప్పుడుని గీస్తోంది. గీయాల్సింది ఆ పదకొండు నిమిషాలని!

ఆ పూట చెవులూ ఫోన్లూ మానేసి, మాట్లాడేవాళ్ళకి ఒక చుక్క, మధ్యలో కొంచెం ఖాళీ, వినేవాళ్ళకి ఒక నిలువు గీత గీసింది. తర్వాతిదాంట్లో గీతని చుక్కవైపు కాస్త వంచింది. మరీ వంగితే "నమస్కారం పెడుతోంది" అన్నాడు. సన్నబడితే "నీరసంగా ఉంది" అన్నాడు. ఇరవై ఒకటో బొమ్మ చూడ్డానికి వచ్చిన రోజు వాన దంచికొట్టింది. గొడుగు లేక అతను ఉండిపోయాడు. ఏదో మాటకి మాటగా మొదలుపెట్టి ఆమె తన చిన్నప్పటి సంగతులూ, అక్క మీద అలకలూ, ఈ ఉద్యోగం పోతుందన్న భయం, అన్నీ చెప్పేసింది. వాన వెలిసి ఎంతసేపైందో ఇద్దరూ చూడలేదు. మర్నాడు గీత దానంతటదే ఇంకోలా వంగింది.

చివరికి అతని తల్లి ముందు బొమ్మలు చూపించే రోజొచ్చింది. నలభై ఒక్క కాగితాలూ వరసగా గోడ మీదున్నాయి.

"ఇక్కడ చెవి పోయిందండీ. ఇక్కడ చేతులు పోయాయి. చివరికి మిగిలింది ఈ వంపు, ఈ ఖాళీ" అని ఆమె వివరించింది.

పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి బొమ్మ నుంచి చివరిదాకా నడిచి, గభాల్న వెనక్కి తిరిగింది.

"ఇదేంటమ్మా, ఇది మా వాడేగా!"

అమ్మాయి గోడకేసి చూసింది. ఇరవై రెండో బొమ్మ నుంచీ అది అతని మెడే. గోడ పక్కనే అతను అచ్చం అదే వంపుతో కూర్చుని ఉన్నాడు. మార్జిన్ గారు అంచులు కొలవడం మర్చిపోయి, "ఔరా!" అన్నాడు.

"కాదండీ... అది... వినడం..." అంటూనే ఆమె మెట్ల దగ్గరికి పరుగెత్తింది. వెనకే అతనొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మార్చేస్తానండీ. ఒట్టు, నాకు తెలీకుండానే వచ్చేసింది."

"నా మెడ అంత వంకరగా ఉంటుందా?"

"వంకరేంటండీ!"

"నాకు కుడి చెవి పుట్టినప్పటినుంచీ వినపడదు. అందుకే ఎడమ చెవి ముందుకి పెడతా. బళ్ళో అందరూ వంకరమెడ అనేవాళ్ళు. అద్దం ముందు నిలబడి నిటారుగా ఉండడం నేర్చుకున్నా. ధ్యాసపెట్టి వింటే మాత్రం మళ్ళీ వంగిపోతుంది."

ఆమెకి ఏదో గుర్తొచ్చింది. "మరి మీ కుడిపక్కన కూర్చుని నేను గొణిగినవన్నీ?" అంది.

"ఒక్కటీ వినపడలేదు. 'ఊహూఁ గారు' మాత్రం పెదాల మీద చదివా."

ఆమె రెండు చేతుల్తో మొహం కప్పేసుకుంది.

"గదిలో నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదండీ" అన్నాడతను. "నేను దాచుకు తిరిగిన వంపుని గోడకి పెట్టి, వినడమంటే ఇదీ అన్నారు మీరు."

ఆమె అతని ఎడమవైపుకి వచ్చి నిలబడింది. "ఆ వాన రోజు నా మాటలన్నీ విన్నారు. నన్నలా ఎవరూ వినలేదు. మీరంటే నాకిష్టం. అది గీయడం నాకు రాదు, అందుకే చెప్పేస్తున్నా."

ఈసారి బిత్తరపోవడం అతని వంతైంది. "నాక్కూడా..." అని ఆమె వైపు తిరిగాడు. "లోగో అయిపోతే ఇక్కడికెలా రావాలా అని బెంగగా ఉండేది. ఊహూఁ అన్నవి మాత్రం నిజంగా బాగోకే అన్నా."

"అన్నీనా?"

"ముప్ఫై ఆరోది బాగానే ఉంది."

"ఏంటీ! ఆ తర్వాతి ఐదూ ఊరికే గీయించారా!"

ఆమె చేతిలో పెన్సిల్ విసరబోతుంటే తలుపు తెరుచుకుంది. పెద్దావిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"బొమ్మ ఒప్పుకున్నామమ్మా. మావాడు సరేనంటే అదే పెడతాం."

అతను తల వంచుకుని, "సరేనమ్మా" అన్నాడు.

"ఇక రెండోది. మీ ఇంట్లోవాళ్ళతో నువ్వు మాట్లాడతావా, నన్ను రమ్మంటావా?"

"మీరే రండి అత్తయ్యా!" అనేసి, తన నోట్లోంచి వచ్చిన వరస విని ఆ అమ్మాయి తనే అదిరిపడింది.