పసుపు పూసిన బండలు

బైరెడ్డిపల్లెలో టమోటా బండి ఆగేసరికి పొద్దున ఆరు కావస్తోంది. బుట్టల మధ్య నుంచి మునిశేఖర్ తన సైకిల్‌ను జాగ్రత్తగా దించుకున్నాడు. టీ బంకు ముందు కూర్చున్న ముసలి రైతు ఆ లావు టైర్లను, వంకర హ్యాండిల్‌ను తేరిపార చూశాడు.

"ఇంత పెట్టి కొనుండావు, మోటార్ యాడప్పా దీనికి?"

మునిశేఖర్ నవ్వేసి టీ తాగాడు. ఈ ప్రశ్న అతనికి అలవాటే.

కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసే చోట అతనికి సూపర్‌వైజర్ ఉద్యోగం. వారమంతా రాతిదుమ్ము, ఆదివారం సైకిల్. బెంగళూరు నుంచి రైల్లో సైకిల్ వేసుకొచ్చే సుప్రియ అనే అమ్మాయి అతనికి ఈ పిచ్చి అంటించింది. ఆమె ఇటలీ వెళ్ళొచ్చిన మనిషి. అక్కడ ఏటి పక్కనే, కొండల నడుమ, మట్టిబాటల మీద పొద్దస్తమానం తొక్కినా ఒక్క కారు ఎదురు రాదని కథలు కథలుగా చెప్పింది. అట్లాంటి బాట ఒకటి ఇక్కడ చూపిస్తే ఇరవై మందిని తీసుకొస్తానంది. అంతే, మునిశేఖర్‌కు నిద్ర కరువైంది.

చివరికి కనిపెట్టాడు. మూతబడిన క్వారీకి ఒకప్పుడు లారీలు తిరిగిన కంకర బాట అది. బైరెడ్డిపల్లె దాటాక తారు రోడ్డు వదిలి, వంక వెంబడే రెండు గుట్టల మధ్య తొమ్మిది కిలోమీటర్లు పోయి, గంగవరం వైపు రోడ్డెక్కుతుంది. ఇటలీకి ఏమాత్రం తీసిపోదని ఇటలీ ముఖం చూడని మునిశేఖర్ తీర్మానించేశాడు. లోపం ఒక్కటే. మధ్యలో బోడిగుట్టపల్లె అని ఇరవై ఇళ్ళ ఊరుంది. ఆ ఊరి ట్రాక్టర్లూ ఆటోలూ ఈ బాటలోనే తిరుగుతాయి.

దానికి అతను చేసిన పని వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పనికిరాని గ్రానైట్ బండలు ఐదు రాత్రికి రాత్రే క్రేన్‌తో తెప్పించి, గంగవరం వైపు బాట చివర, సైకిల్ దూరేంత సందు వదిలి అడ్డంగా వేయించాడు. ఉత్త బండలైతే ఊరివాళ్ళు నాలుగు రోజుల్లో దొర్లించేస్తారు. అందుకని వాటికి పసుపు పూశాడు. కుంకుమ బొట్లు పెట్టాడు. పక్కన వేపమండలు గుచ్చాడు. పసుపు పడిన రాయిని మనవాళ్ళు ముట్టుకోరని అతనికి బాగా తెలుసు. అనుకున్నట్టే వారం తిరిగేసరికి గంగమ్మ వెలిసిందన్నారు. బండల ముందు దీపం వచ్చింది, తర్వాత రవికగుడ్డ వచ్చింది. బండ్లన్నీ చుట్టుదారి పట్టాయి. మునిశేఖర్ ఆ బాట మ్యాపును ఫోన్‌లో పెట్టి, కింద 'ఒక్క హారన్ కూడా వినపడదు' అని రాసుకుని మురిసిపోయాడు.

శ్రావణంలో పెద్ద వాన పడింది. వంక పొంగి బైరెడ్డిపల్లె వైపు దారి మునిగిపోయింది. ఆరోజే బోడిగుట్టపల్లెలో స్వర్ణ అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో వేసుకుని గంగవరం వైపు వస్తే ఎదురుగా బండలు. సందులోంచి నడిపించుకు పోదామన్నా, ఆ వానలో అవతలి రోడ్డు మీద ఒక్క బండీ లేదు. వెంట అత్త ఉంది, మగవాళ్ళు నలుగురున్నారు, చేతిలో గడ్డపారలున్నాయి. అయినా గంగమ్మ రాళ్ళు కదిలిస్తే ఊరికి అరిష్టమని, కర్పూరం వెలిగించి అమ్మవారి సెలవు అడుగుతూ నిలబడ్డారు. ఇక స్వర్ణే ఆటో దిగి రెండు చేతులతో బండను నెట్టిందట. నెడుతూ నెడుతూనే అక్కడే పడిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

ఈ సంగతి మునిశేఖర్ కుప్పంలో టీ తాగుతూ విన్నాడు. గ్లాసు కింద పెట్టి ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, భార్య వాణికి కూడా. ఇప్పుడు బండలు తీయిస్తే, వేసిందెవరన్న మాట వస్తుంది కదా! అలాగే వదిలేశాడు. ఆ పిల్ల మీద జాలి కలిగిన మాట నిజమే. కానీ జాలి పడి ఊరుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ తర్వాత ఈ బాటకు రావడం ఈరోజే. మార్గశిర మాసం. రేపు సుప్రియ ఇరవై మందితో దిగుతోంది. ఒకసారి బాటంతా చూసుకుని, అట్నుంచి అటే పుంగనూరు వెళ్ళిపోవాలని అతని ఆలోచన. పుంగనూరులో వాణి పుట్టింట్లో ఉంది. తొమ్మిదో నెల. వాణి అతనికి మేనమామ కూతురే. పెళ్ళయిన ఏడేళ్ళలో రెండు కడుపులు పోయాక నిలిచిన బిడ్డ ఇది. ఇది కూడా దక్కకపోతే వాణి దక్కదని ఇంట్లో అందరికీ భయమే. పైకి అనడు గానీ మునిశేఖర్ ఆ భయంతోనే నిద్రపోతాడు, ఆ భయంతోనే లేస్తాడు.

బాట మొదట్లో బాగానే ఉంది. టైర్ల కింద కంకర సన్నగా నలుగుతోంది. మంచు దట్టంగా పట్టి, పది అడుగుల అవతల కానుగ చెట్లు కూడా కంటికి ఆనడం లేదు. తడిగడ్డి వాసన, ఎక్కడో మేకల దొడ్డి వాసన. వంకలో నీళ్ళు పలచగా పారుతున్న చప్పుడు. ప్రాణం హాయిగా అనిపించి మునిశేఖర్ ఈల కూడా వేశాడు. బోడిగుట్టపల్లె దగ్గర మాత్రం ఈల ఆపి, తల వంచుకుని తొక్కాడు. ఒక్క ఇంటి తలుపూ తెరిచి లేదు.

ఊరు దాటాక వెనక ఆటో చప్పుడు వినిపించింది.

ఈ వైపు ఆటో వచ్చి నెలలైంది. ఎవడో దారి తప్పాడనుకుని అతను పక్కకు జరిగి ఆగాడు. ఆటో ముందుకు రాలేదు. మంచులో ఇంజను మాత్రం డుబుడుబుమని అక్కడే కొట్టుకుంటోంది. అతను కదిలాడు. అదీ కదిలింది. ఆగాడు. ఆగింది. పొగ వాసన వచ్చింది, అందులో కలిసి కర్పూరం వాసన... ఎవరో పళ్ళు బిగబట్టి మూలుగుతున్నారు. ఆడమనిషి.

తిరిగి చూశాడు. ఎవరూ లేరు. తడి నేల మీద అతని టైరు గీత ఒక్కటే ఉంది.

అక్కడి నుంచి ఎంత వేగంగా తొక్కాడో అతనికే తెలియదు. మలుపు తిరగగానే బండలు కనిపించాయి. బ్రేకులు గట్టిగా నొక్కాడు. బండల మీద పసుపు పచ్చిగా ఉంది, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అతను వదిలిన సందు... లేదు. ఐదు బండలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య సూది కూడా దూరదు.

ఫోన్ మోగింది. వాణి.

"బావా... నొప్పులొస్తాండాయి. ఇమాముద్దీన్ బాయి ఆటోలో మదనపల్లె ఆస్పత్రికి పోతాండాము. అమ్మ కూడా ఉండాది." ఆమెకు ఊపిరి ఆడటం లేదు. "ఆటో పోలేదు బావా. రోడ్డుకి అడ్డంగా బండలుండాయి."

"ఏం... బండలు?"

"పసుపు పూసిండారు. బొట్లుండాయి. బస్సులు, లారీలు పోతానే ఉండాయి బావా... మాకే అడ్డంగా ఉండాయి."

ఫోన్‌ను వాణి తల్లి మునిరత్నమ్మ అందుకుంది.

"శేఖరా, ఇమాముద్దీన్ దిగి నూకుతాండాడు. ఆయప్పకి గంగమ్మ బయమేముంది, గట్టిగానే నూకుతాండాడు. రవ్వంత కూడా జరగల్యా. ఈడ ఒక ఆడమనిషి కూసోనుండాది. ఏసినోడే తీయాల అంటాండాది. ఎవరప్పా ఏసినోడు?"

వెనక వాణి కేక పెట్టింది. మునిశేఖర్ సైకిల్‌ను పారేసి నడిమి బండకు భుజం ఆనించాడు. కాళ్ళు కంకరలో దిగబడేలా నెట్టాడు. క్రేన్ మోసిన బండ అది. గోళ్ళు విరిగాయి. నేల మీద పడిన ఫోన్‌లోంచి వాణి ఏడుపు వినిపిస్తూనే ఉంది.

అప్పుడు బండ అవతలి నుంచి, చెవికి ఆనుకున్నంత దగ్గరగా, ఓపిక అయిపోయిన గొంతు ఒకటి...

"రాయి జరపన్నా..."

అతను దిగ్గున వెనక్కి జరిగాడు. వెనక ఎవరో నిలబడి ఉన్నారు. ముసలామె. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో పసుపు గిన్నె.

"బయపడబాకు నాయనా," అంది. "నా పేరు సరస్వతమ్మ. స్వర్ణకి అత్తని. దినామూ వచ్చి పసుపు పూసి పోతాను."

మునిశేఖర్ ఆమె కాళ్ళ మీద పడిపోయాడు. "అవ్వా! ఈ రాళ్ళు నేనే ఏసినాను. పసుపు పూసింది కూడా నేనే. వీటిలో గంగమ్మ ల్యాదు, ఎవురూ ల్యారు. నా సైకిల్ కోసరం ఏసినాను. ఆడ నా పెండ్లాం..."

ఆమె ఆశ్చర్యపోలేదు. పసుపులో నీళ్ళు పోసి వేలితో కలుపుతోంది.

"తెలుసు నాయనా. నువ్వేసినప్పుడు ల్యాదు," అంది. "ఇప్పుడుండాది."

"తప్పయిపోయిందని చెప్పవ్వా!"

"నేను చెప్తే ఇంటాదా? ఆ పొద్దు ఆ పిల్ల నూకతా ఉంటే, నేను కర్పూరం పట్టుకోని సూస్తా నిలబడినాను. నా మాట దానికెందుకు? నువ్వే చెప్పుకో."

మునిశేఖర్ మళ్ళీ బండ మీద పడ్డాడు. తల ఆనించి ఏడ్చాడు. "అమ్మా, స్వర్ణమ్మా, తప్పు నాది. నన్ను తీసుకో. నా ఇంట్లో ఏది కావాల్నన్నా తీసుకో. వాణిని పోనీ... బిడ్డని పోనీ..."

వంక చప్పుడు ఆగిపోయింది.

బండ కదిలింది. అతను నెట్టలేదు. తలుపు తీసినంత తేలికగా, దానంతట అదే పక్కకు జరిగింది.

ఫోన్‌లో మునిరత్నమ్మ అరుస్తోంది. "పోయినాయి శేఖరా! బండలు ల్యావు! పోతాండాము, నువ్వు వచ్చేయ్!"

సరస్వతమ్మ గిన్నెలో పసుపు అలాగే ఉంది. ఆమె దాన్ని నేల మీద పారబోసి, అతని వంక చూడకుండానే ఊరి వైపు నడిచిపోయింది.

మదనపల్లె ఆస్పత్రికి అతను చేరేసరికి పదకొండు దాటింది. ఆడబిడ్డ పుట్టిందని, తల్లీ బిడ్డా క్షేమమని నర్సు చెప్పింది. గోళ్ళలోంచి నెత్తురు కారుతున్నా మునిశేఖర్‌కు నవ్వు ఆగలేదు. వరండాలో కూర్చున్న మునిరత్నమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి పొమ్మన్నట్టు తల ఊపింది.

వాణి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కలో ఎర్రటి పసిగుడ్డు. ఏడేళ్ళ భయమంతా ఒక్కసారి కరిగిపోయి మునిశేఖర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బిడ్డను ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాచాడు.

ఆమె బిడ్డను రెండో వైపుకు మార్చుకుంది. పరాయి మగవాడు వచ్చినట్టు దుప్పటి భుజాల మీదికి సర్దుకుంది. తర్వాత మర్యాదగా, అలసటగా అడిగింది.

"అన్నా, గంగవరం తట్టు పోయే ఆటో ఏదన్నా దొరుకుతాదా? పొద్దు గూకే లోపల బిడ్డనెత్తుకోని బోడిగుట్టపల్లెకి చేరాల. మా అత్త ఒక్కతే ఉండాది."

వాణి అత్త, అంటే మునిశేఖర్ తల్లి, పోయి పదకొండేళ్ళయింది. అతను నోరు తెరిచేలోగా ఆమె బిడ్డను చంకనేసుకుని, మంచం దిగి, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది.