డాట్ ఫైవ్ పెళ్ళిచూపులు

"డాట్ ఫైవ్ బ్రేక్ ఫ్లూయిడ్ ఇయ్యి."

"నీ బండికి పడదు. డాట్ ఫోర్ తీసుకో."

ప్రొద్దుటూరు శివకుమార్‌కూ జమ్మలమడుగు సుకన్యకూ మధ్య నడిచిన మొదటి మాటలివి. ఇంతకన్నా మంచి మాటలు దొరకలేదా అంటే, దొరకలేదు మరి.

శివకుమార్ వాళ్ళది నగల అంగడి. ఎవరికో గొలుసు ఇవ్వడానికి జమ్మలమడుగు వచ్చి, ముందు బ్రేకు వదులైందని స్పేర్ పార్ట్స్ అంగడి ముందు ఆగాడు. కౌంటరులో యజమాని నాగేశ్వరయ్య కూతురు సుకన్య ఉంది.

"ఫోర్ కంటే ఫైవ్ పెద్దది గదా? మేము తక్కువ రకం వాడేవాళ్ళం కాదు," అన్నాడు. నంబరు పెరిగితే నాణ్యం పెరుగుతుందని బంగారం నేర్పిన లెక్క అది.

"అవి మార్కులు కాదప్పా. బ్రేకు డబ్బీ మూత మీదే డాట్ ఫోర్ అని రాసుంటాది, చూడు. ఫైవ్ సిలికాన్‌ది. దాంట్లో కలవదు." అతని చేతిలోని నగల పెట్టె మీద పేరు చదివింది. "మీ అంగట్లో ఇరవై నాలుగు క్యారెట్లతో గొలుసులు చేస్తారా?"

"చెయ్యం. మెత్తన. సాగిపోతాది."

"మరి? ఎక్కువైంది కాదు, పొందికైంది కావాల."

బంగారం గురించి ఇంకొకరితో చెప్పించుకోవడం శివకుమార్ వంశంలో అదే మొదలు. డాట్ ఫోరే కొని, పక్కనున్న మెకానిక్ అమీర్ బాషాతో మార్పించుకున్నాడు. ఇంటికి పోయి పౌరుషం కొద్దీ ఆన్‌లైన్‌లో డాట్ ఫైవ్ కూడా తెప్పించాడు. ఆ సీసా అలమరలో ఉండిపోయింది. మనసు జమ్మలమడుగులో ఉండిపోయింది.

ఆ తర్వాత అతని బండికి వచ్చినన్ని జబ్బులు ఏ బండికీ రాలేదు. ఒకసారి అద్దం, ఒకసారి హారన్, ఒకసారి ఎందుకో తనకే తెలియని వాషరు.

"మీ ఊర్లో అంగళ్ళు మూసేసినారా?" అని అడిగింది సుకన్య.

"ఉండాయి. ఈడ గాలి బాగుంటాది."

"మే నెల్లోనా?"

అంతలో అతని తల్లి అన్నపూర్ణమ్మ పులివెందులలో బట్టల అంగడి వాళ్ళ సంబంధం చూసింది. శివకుమార్ పరుగున జమ్మలమడుగు వచ్చి, ముందు ఇండికేటర్ బల్బు అడిగి, తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"ఆదివారం పులివెందులకు పెళ్ళిచూపులకు పోతాండా."

పోవద్దంటుందని ఆశ. ఆ ఒక్క మాట అంటే చాలు, అమ్మతో పోట్లాడే ధైర్యం వస్తుంది. సుకన్య ఒకసారి కాగితంలో చుట్టిన బల్బునే మళ్ళీ ఇంకో కాగితంలో చుట్టింది.

"పో. బ్రేకు చూసుకోని పో."

అంతే! ఇంటికొచ్చి, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బండి బ్రేకు డబ్బీలో ఉన్నది సగం తీసేసి డాట్ ఫైవ్ పోశాడు. ఆమె వద్దన్న పని ఒకటైనా చెయ్యాలి గదా.

ఆదివారం పెద్దలు కారులో ముందు పోయారు. చోటు చాలక శివకుమార్ వెనక బండి మీద బయలుదేరాడు. ముద్దనూరు దాటేసరికి ముందు బ్రేకు మెత్తబడింది. పులివెందుల చేరేసరికి లివరు ఎంత నొక్కినా ఫలితం లేదు. మెల్లగా నడిపాడు.

పెళ్ళికూతురి ఇంటి గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. కాళ్ళకు నీళ్ళివ్వడానికి ఆ ఇంటాయన చెంబు పట్టుకుని ఉన్నాడు. శివకుమార్ ఒక చేత్తో నమస్కారం పెట్టి, అదే వేగంతో ముందుకు సాగిపోయాడు.

"ఒరే, యాడికి పోతాండావురా?" అని అన్నపూర్ణమ్మ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

రెండు వీధులు దాటాక ఆగాడు. ఎలా ఆగాడో అప్పుడెవరూ అడగలేదు.

పెళ్ళిచూపులకు వచ్చి గడప తొక్కకుండా పోతే దానికి ఒకటే అర్థం. "ఇష్టం లేకుంటే కాఫీ తాగి చెప్పొచ్చు గదమ్మా," అన్నాడు చెంబు పట్టుకున్నాయన. పరీక్షకు చదువుకోవాలని వారం నుంచి మొత్తుకుంటున్న ఆ అమ్మాయి మాత్రం హాయిగా నగలు తీసేసి పుస్తకం తెరిచిందట.

మరునాడు శివకుమార్ బండిని లగేజీ ఆటోలో వేసుకుని జమ్మలమడుగు వచ్చాడు. అమీర్ బాషా డబ్బీ మూత తీశాడు. పైన ఊదారంగు డాట్ ఫైవ్, కింద పసుపు డాట్ ఫోర్, దేనికది విడిగా ఉన్నాయి.

"కలవదంటే మళ్ళా అదే పోస్తావా? ఏమన్నా అయ్యుంటే?" సుకన్య గట్టిగా అరిచింది. ఆ అరుపులో భయం విని శివకుమార్‌కు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

"నువ్వు పో అంటివి. అలిగి పోసినా. బ్రేకు పడక ఆ ఇంటి ముందర ఆగలేకపోతి. సంబంధం పోయింది."

"ఓహో, బ్రేకు పడక పోయిందా." ఆమె ముఖం చిన్నబోయింది. "పడింటే ఆగేవాడివే."

అతను నోరు తెరిచేలోపు, అమీర్ బాషా అలవాటు కొద్దీ వెనక చక్రం తిప్పి కాలి బ్రేకు నొక్కాడు. చక్రం టక్కున ఆగింది.

"ఎనక బ్రేకు బాగనే పడ్తాందే సేటూ! డ్రమ్ము గదా, దీనికి ఫ్లూయిడ్‌తో పనే లేదు."

సుకన్య మెల్లగా శివకుమార్ వైపు తిరిగింది. "మరి కాలికేమాయె?"

"ఏమీ కాలే."

"మరి?"

"ఆపబుద్ధి కాలే. నువ్వు లేని ఇంటి ముందర ఆగి నేనేం జేయాల? నువ్వంటే నాకు శానా ఇష్టం."

అమీర్ బాషాకు ఉన్నట్టుండి పక్క వీధిలో పని గుర్తొచ్చింది.

"ఈ మాట చెప్పేదానికి ఇన్ని బల్బులు కొనాల్నా?" సుకన్య నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ అమ్మకు చెప్పి మా ఇంటికి రా. ఈసారి కాలు వాడు."

అన్నపూర్ణమ్మ విషయమంతా విని, తిట్టాల్సినంత తిట్టి, చివరికి అడిగింది. "ఆ పిల్లకు బ్రేకుల సంగతి తెల్సా?"

"శానా తెల్సమ్మా."

"అయితే చేసుకో. నిన్ను ఆపేదానికి ఇంట్లో ఒకరన్నా ఉండాల."

తర్వాతి ఆదివారం నాగేశ్వరయ్య చెంబుతో గేటు దగ్గర నిలబడ్డాడు. సుకన్య మాత్రం వీధి మధ్యకు వచ్చి నిలబడింది. బండి ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

"ఏ బ్రేకు వేసినావు?"

"రెండూ."

"లోపలికి రా," అంది సుకన్య.