ఊదండి, పీల్చకండి

ఆర్కెస్ట్రాలో అందరూ అతన్ని 'రెండో కుర్చీ' అనే పిలుస్తారు. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో క్లారినెట్ వరసలో రెండో కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు పలచబడ్డాక కూడా అందులోనే ఉన్నాడు. వరసకు పెద్ద కూర్చునే మొదటి కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఎవరి మేనల్లుడో, ఎవరి శిష్యుడో వచ్చి కూర్చునేవాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మనవాడు కానప్పుడు ఏ బంతిలో కూర్చున్నా ఒకటేనని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఈసారి ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు మాత్రం పోటీ పెట్టి, వచ్చినవాళ్ళను తెర వెనక నిలబెట్టి వాయింపిస్తామన్నారు. మనిషి కనపడడు, వాయిద్యమే వినపడుతుంది. ఆ కబురు విన్న వారంలోనే అతని పాత క్లారినెట్ నిలువునా చీలింది. దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవాడు లేడు మరి.

కచేరీ స్థాయి క్లారినెట్ కొత్తది కొనడం వాళ్ళ తాహతుకు మించిన మాట. పాతదైనా మంచిది చూసుకోమని భార్య తన డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. అది ఆవిడ పళ్ళు కట్టించుకోవడానికి దాచుకున్నది. చాలా కాలంగా ఆవిడ ఒక పక్కనే నములుతోంది.

"పళ్ళకేం తొందరండీ, ఇంకో పక్క ఉందిగా" అంది.

అతనికి ఏడుపొచ్చింది. మొదటి కుర్చీ దొరికితే ముందు ఆ పళ్ళే అనుకున్నాడు.

పాత వాయిద్యాల కొట్లన్నీ తిరిగాడు. ఒకచోట చీలికకు జిగురు పూసి మెరుగు పెట్టారు. ఇంకోచోట మీటల కింది మెత్తలు ఎలుకలు కొరికినట్టున్నాయి. చివరికి అతని పాత క్లారినెట్ చూసి పెదవి విరిచిన రిపేరు మేస్త్రీయే ఒక చిరునామా చెప్పాడు.

"ఒక ముసలావిడ వాళ్ళాయనది అమ్ముతోంది. సరుకు మంచిదే అంటున్నారు. ఊది మోసపోకు, పీల్చి చూసుకో."

వాయించేవాళ్ళందరికీ తెలిసిన పరీక్షే అది. క్లారినెట్ పైముక్క విడదీసి, రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, కింది కొసను అరచేత్తో అదిమి, పై కొస నోట్లో పెట్టుకుని లోపలి గాలి పీల్చేస్తారు. ఎక్కడా సందు లేకపోతే గాలి అయిపోయి కర్ర పెదవులకు కరుచుకుంటుంది. లాగితే 'టప్' మంటుంది. సందుంటే మాత్రం గాలి వస్తూనే ఉంటుంది. చేయి తిరిగినవాడు ఊదితే చచ్చుదైనా పలుకుతుంది గానీ పీల్చినప్పుడు కర్ర అబద్ధమాడదు.

అతను వెళ్ళేసరికి మసక పడుతోంది, వాన పడుతోంది. మెట్ల మీద దీపం లేదు. గదిలో కలరా ఉండల వాసన, దాని అడుగున తియ్యగా దగ్గుమందు వాసన. ముసలావిడ మంచం కిందనుంచి నల్ల పెట్టె లాగింది.

"ఆయన పోయిన రోజు మూశాను బాబూ. అప్పటికి మా మనవరాలు పుట్టనే లేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది."

పెట్టె తెరిచాడు. కర్ర నల్లగా నిగనిగలాడుతోంది. నోట్లో పెట్టుకునే ముక్కకు బిగించిన రెల్లు బద్ద మీద వేలు పెట్టి చూశాడు. తడిగా ఉంది. వాన చెమ్మేమో అనుకున్నాడు. చవకగా దొరికే వస్తువులో లోపం చూడ్డానికి కళ్ళు ఒప్పుకోవు.

జేబులోంచి తన బద్ద తీసి బిగించి ఊదాడు. అలాంటి నాదం తన చేతుల్లోంచి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. సందు లేదని తేలితే చాలు. పైముక్క విడదీస్తుంటే ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదండి బాబూ, ఎంతసేపైనా ఊదండి. పీల్చకండి, అంతే."

"ఎందుకమ్మా?"

"ఆయనకు ఇష్టముండదు."

సందుంది, దాస్తోంది అనుకున్నాడు. అక్కడున్నది తన భార్య పళ్ళ డబ్బు. మంచినీళ్ళు కావాలని అడిగి, ఆవిడ లోపలికి వెళ్ళగానే రంధ్రాలు మూసి పీల్చాడు.

గాలి వచ్చింది. రెండో క్షణానికి ఆగాలి... ఆగలేదు. సందులోంచి వచ్చే గాలి చల్లగా, సన్నగా ఈలవేస్తూ వస్తుంది. ఇది వెచ్చగా ఉంది. తడిగా ఉంది. దగ్గుమందు వాసన వేస్తోంది.

వదిలేద్దామనుకున్నాడు. పెదవులు ఊడి రాలేదు. ఛాతీ నిండింది... ఇంకా వస్తోంది. పక్కటెముకలు విరుగుతాయేమో అనిపించింది. అప్పుడు... 'టప్'.

ముసలావిడ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"పీల్చారా?"

"లేదమ్మా."

"నాకు వినపడింది బాబూ." గ్లాసు కింద పెట్టి మంచం మీద కూలబడింది. "ఆఖరి ఊపిరి అందులోకే ఊదారు. ఇన్నాళ్ళూ మూసి కాపాడాను. పోనీలెండి, నేను చెప్పిన ధరలో సగం ఇచ్చి తీసుకెళ్ళండి. ఇవాళైనా నాకు నిద్ర పడుతుంది."

గడప దాటుతుంటే వెనకనుంచి మెల్లగా అంది: "ఆయన ఊరికే ఏదీ ఇచ్చే మనిషి కాదు."

ఆ మాట అతని చెవికెక్కలేదు. సగం పళ్ళు మిగిలాయన్న సంతోషంలో ఉన్నాడు.

పోటీనాడు తెర వెనక నిలబడ్డాడు. అందరూ మధ్యలో దొంగతనంగా ఊపిరి తీసుకునే పొడుగాటి స్వరాల వరస వచ్చింది. అతనికి ఊపిరి అవసరం రాలేదు. వరస అయిపోవచ్చింది... ఇంకా అవసరం రాలేదు. భయం వేసింది. ఊదడం ఆపేశాడు.

స్వరం ఆగలేదు.

వేళ్ళు మాత్రం కదిపాడు. కదపక ఏం చేస్తాడు? తెర అవతల చప్పట్లు మోగాయి.

"ఇన్నేళ్ళూ ఈ ఊపిరి ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు పెద్దాయన, వాళ్ళ ఆర్కెస్ట్రా నడిపే మనిషి. జీవితమంతా ఎదురుచూసిన మెప్పు అది. తనది కానిదానికి వచ్చింది.

మొదటి కుర్చీ దొరికింది. భార్యకు పళ్ళు కట్టించాడు. ఆవిడ ఇప్పుడు రెండు పక్కలా నములుతోంది, నోరారా నవ్వుతోంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా క్లారినెట్ అమ్మేద్దామన్న మాట గొంతులోనే ఉండిపోతుంది.

ఒక ఉదయం వంటింట్లో పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఆవిడ అంది: "రాత్రి నుంచి ఆ దగ్గేమిటండీ? వినలేకపోతున్నాను. ఈ కాఫీ తాగండి. ఊదుకోండి, కాలుతుంది."

అతను దగ్గలేదు. లోపలి గదిలో నల్ల పెట్టె మూసే ఉంది.

కప్పు అందుకున్నాడు. పెదవుల దగ్గర పెట్టుకుని ఊదాడు. ఆవిరి నిటారుగా లేస్తోంది. బుగ్గలు పూరించి, గట్టిగా, ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ ఊదాడు.

ఆవిరి కదలలేదు.